సోంపు గోడ మీది దీపం

సెప్టెంబరు 29, 1973
మిఖాయిల్ దూత పండుగ సాయంత్రం

యెర్కో,

నీ ఇంటి నుంచి నీ మాండె రాస్తోంది. ఇక్కడ అందరం బాగున్నాం. మీ అమ్మ మోకాలు ఒక్కటే బాగాలేదు. దానికీ తనకూ ఈ మధ్య మాటల్లేవంటోంది ఆవిడ. మన అమ్మాయి పెరినా స్ప్లిట్ పట్నంలో హాస్టల్లో కుదురుకుంది. మొదటి వారం ఇంటి మీద బెంగగా ఉందని రాసింది, రెండో వారం కొత్త బూట్లు కావాలని రాసింది, కాబట్టి బెంగ తీరిందనే అనుకుంటున్నాను. నువ్వు కూడా వేళకు తింటున్నావని, ఆ ఇంజను గదిలో చొక్కా లేకుండా తిరిగి జలుబు తెచ్చుకోలేదని నమ్ముతున్నాను.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. పైకప్పు పెంకు మార్పించాను, ఈ చలికాలం వాన నీళ్లు నీ దిండు మీద పడవు. ద్రాక్ష కోత సోమవారం మొదలు. పీపాలు కడిగి ఎండలో బోర్లించాం. గాడిదను అమ్మేశావా అని అడిగావు. అమ్మలేదు. కొంటానని వచ్చిన ఒక్కడినీ అది కరిచింది.

ఇక మిగిలినవి రెండు ప్రశ్నలు. "ఈ ఏడు వసంతం నా కిటికీకి రాలేదని అమ్మ రాయించింది, ఏమిటా మాట? చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు" అన్నావు. "నీ పెళ్లాన్ని కాస్త అదుపులో పెట్టుకో అని విస్కో బాబాయ్ కార్డు రాశాడు, ఏం చేశావే?" అన్నావు. రెండింటికీ జవాబు ఒక్కటే, కాకపోతే కాస్త పొడుగు. నువ్వున్న బ్యూనస్ ఎయిరిస్‌లో ఇప్పుడు పగళ్లు పెరుగుతున్నాయట కదా. ఇక్కడ తరుగుతున్నాయి. ఈ గొడవంతా ఆ తరుగుదల గురించే, అందుకే వెలుతురుండగానే కూర్చుని రాస్తున్నాను.

మన ఇంటికీ మీరు గుండ్లాట ఆడే బాలోటె మైదానానికీ మధ్య రాతిగోడ పొడుగునా పెరిగిన అడవి సోంపు పొదలు నీకు తెలుసు. వాటి మీద పాకే ఆకుపచ్చ గొంగళిపురుగులూ తెలుసు. ముట్టుకుంటే నెత్తి మీద నారింజ రంగు కొమ్ములు చాచి కంపు కొడతాయే, అవి. చిన్నప్పుడు వాటిని గిల్లి ఏడిపించానని నువ్వు గొప్పగా చెబుతావు. వాటి నుంచి వచ్చే తోకల సీతాకోకచిలుకలను మాత్రం పెళ్లయ్యాక నువ్వు ఒక్కసారీ చూడలేదు, ఎందుకంటే మార్చి రాగానే ఓడెక్కుతావు. ఏప్రిల్‌లో అవి పసుపుపచ్చగా గోడంతా లేస్తాయి, మీ అమ్మ కిటికీ ముందు ఎగురుతాయి. మెట్లు దిగలేని మనిషికి వసంతమంటే ఆ కిటికీలోంచి కనిపించినంతే కదా. ఆవిడ ఉన్ని శాలువా కప్పుకుని, తినడం కూడా మర్చిపోయి చూస్తూ కూర్చుంటుంది.

ఈ ఏప్రిల్‌లో రెండో మూడో వచ్చాయి. ఈస్టర్ వెళ్లేదాకా ఎదురు చూసి, చివరికి "నా వాటా వసంతాన్ని ఎవరో ఎత్తుకుపోయారే అమ్మాయ్" అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ పూట సూప్ ముట్టుకోలేదు. 

ఎత్తుకుపోయిందెవరో నాకు అప్పటికే అనుమానం. పోయిన ఏడు ఎండాకాలం, నువ్వు వెళ్లాక, బాలోటె మైదానానికి దీపం పెట్టారు. మామూలు దీపం కాదు. స్తంభం ఎక్కి దాన్ని బిగించిన ప్రోష్పెర్ దిగి వచ్చాక అరగంటసేపు కళ్లు నులుముకున్నాడు. మగాళ్లంతా పండగ చేసుకున్నారు. రాత్రి భోజనాలయ్యాక మొదలుపెడితే ఇంటికొచ్చేది ఎప్పుడో వాళ్లకే తెలియదు. కోళ్లు నిద్రపోవడం మానేశాయి. మీ అమ్మ దాన్ని అస్తమించని చంద్రుడు అనేది. అప్పట్లో అందరికీ నవ్వులాటగానే ఉంది.

పోయిన నవంబరులో, నువ్వు ఇంకా ఇల్లు చేరకముందే, సమస్త పరిశుద్ధుల పండుగ నాడు, మేమంతా చామంతి పూలు పట్టుకుని సమాధుల దగ్గరికి వెళ్లేసరికి, మన సీతాకోకచిలుకలు అక్కడున్నాయి. నవంబరులో! ఇంకెక్కడా పువ్వు లేక సమాధుల మీది చామంతుల చుట్టూ తిరుగుతున్నాయి. ముసలమ్మలు అవి చనిపోయినవాళ్ల ఆత్మలని శిలువ గుర్తు వేసుకున్నారు. మర్నాడు చలి మోసుకుని బూరా గాలి దిగింది. రెండు రోజులు కొండల మీంచి విసిరి కొట్టింది. గాలి ఆగాక చూస్తే మైదానం అంచున, గోడ మూలల్లో, పసుపు రెక్కలు ఆకుల్లా కుప్పలు పడి ఉన్నాయి. నేను చీపురుతో ఊడ్చాను. మీ అమ్మకు చెప్పలేదు.

అప్పుడు నాకు అర్థం కాలేదు. ఈ ఏప్రిల్‌లో కిటికీ ఖాళీగా ఉన్నాక బళ్లో నెదా టీచరు దగ్గరికి వెళ్లాను. ఆ పిల్ల పాఠం చెప్పడం మొదలుపెడితే ఆపదని నీకు తెలుసు, కానీ ఈసారి నేను కదలకుండా విన్నాను.

"మాండె అక్కా, ఆ పురుగు దగ్గర కేలండర్ ఉందా, లేదు. చలి వచ్చేదాకా ఆగితే చచ్చిపోతుంది. అందుకని రాత్రి ఎంత పొడుగుందో కొలుచుకుంటుంది. సెప్టెంబరులో ఎంత ఉక్కగా ఉన్నా సరే, రాత్రి పొడుగైందంటే ఒంట్లో లోపలెక్కడో మాట వెళ్లిపోతుంది, ఇంక పెరగొద్దు, గూడు కట్టుకుని పడుకో అని. ఆ నిద్ర మామూలు నిద్ర కాదు. వెచ్చగా వంటింట్లో పెట్టినా లేవదు. చలికాలమంతా చలి తిన్నాకే లేస్తుంది."

"మరి దీపం ఉంటే?"

"దీపం ఉంటే దానికింకా జులై నెలే. రెండు వారాల్లో రెక్కలు కట్టుకుని పెళ్లికి పోయినట్టు బయటికొస్తుంది. వచ్చి చూస్తే పెళ్లీ లేదు, పువ్వూ లేదు."

అంటే ఏప్రిల్‌లో మీ అమ్మ కిటికీకి రావలసినవన్నీ నవంబరులోనే లేచి చచ్చిపోయాయన్నమాట. మీ నాన్న కట్టిన గోడ మీద పుట్టినవాటిని మన ఊరి మగాళ్లు ఆటకోసం మోసం చేశారు, యెర్కో. నాకు ఒళ్లు మండిపోయింది.

ఎండాకాలానికి కొండ మీంచి కొన్ని దిగి వచ్చి మళ్లీ సోంపు మీద గుడ్లు పెట్టాయి. ఆగస్టుకల్లా చిన్న చిన్న పురుగులు కనిపించాయి. ఈసారి ఊరుకోకూడదనుకున్నాను. ముందు పురుగులను ఒడిలో ఏరుకుని పెరటి వైపు చీకట్లోకి మార్చాను. కోళ్లకు విందు చేసినట్టయింది. తర్వాత మీ నాన్న పాత తెరచాప అటక మీంచి దింపి, సాయంత్రం కాగానే గోడంతా కప్పడం మొదలుపెట్టాను. మూడో రాత్రి దక్షిణపు గాలి లేచి దాన్ని ఎత్తుకెళ్లి, గురి చూసి విసరబోతున్న విస్కో బాబాయ్ నెత్తిన పడేసింది. లోపలి నుంచి ఆయన తిట్టిన తిట్లు ఇక్కడ రాయను, పెరినా ఎప్పుడైనా ఈ ఉత్తరం చూడొచ్చు.

మర్నాడు నేను మైదానంలోకే వెళ్లి అడిగాను. సెప్టెంబరు ఆఖరుదాకా దీపం ఆపండి, అంతే. ఆట కావాలంటే మధ్యాహ్నం ఆడుకోండి అన్నాను.

"పురుగుల కోసం దీపం ఆపాలా?" అన్నాడు విస్కో బాబాయ్. "రేపు బొద్దింకల కోసం వంట మానేయమంటావ్!"

"నీ వంట నువ్వు చేసుకునేవాడివైతే ఆ మాట అను" అంది వింకా పిన్ని, ఆయన భార్య, రొట్టెల బుట్ట దించుకుంటూ. రొట్టెల పొయ్యి దగ్గర నిలబడి నిలబడి ఆవిడ చేతులు నీ చేతుల్లా ఉంటాయి కదా, ఆ చేతులు నడుం మీద పెట్టుకుని నిలబడింది. "చీకటి పడ్డాక ఇంటికి రా ఒకసారి. మనం మాట్లాడుకుని ఏడాదైంది."

అందరూ పగలబడి నవ్వారు. బాబాయ్ ముఖం ఎర్రబడింది. ఆ కోపంలోనే అన్నాడు, "బాలోటె మైదానంలో మాట చెల్లాలంటే గుండు విసిరి గెలవాలి మాండే. నోరు విసిరి కాదు."

"సరే" అన్నాను.

"ఏంటి సరే?"

"విసురుదాం. మీరిద్దరు, మేమిద్దరం. మేం గెలిస్తే సెప్టెంబరు ఆఖరుదాకా, ప్రతి ఏడూ ఇదే కాలంలో, పొద్దు గూకగానే దీపం ఆగాలి."

"మేం గెలిస్తే?"

"మీరు చెప్పండి."

ఆయన గోడ వైపు చూశాడు. "ఆ సోంపు కంప మొత్తం కొట్టేయాలి. నా గుండ్లు దాంట్లో పడి దొరక్క చస్తున్నా."

సరే అనేశాను.  ఓడిపోతే దీపం సంగతి అటుంచి, గోడే బోడిగా మిగులుతుంది. మీ అమ్మకు ఏం మొహం చూపించను? ఇంటికొచ్చి చెప్పాను. ఆవిడ కిటికీలోంచి మైదానాన్ని కొలిచినట్టు చూసింది. తర్వాత, "ఆదివారం నా కుర్చీ కిటికీకి ఇంకాస్త దగ్గరగా జరుపు" అంది.

ఆగస్టు మరియమాత పండుగ వెళ్లిన తర్వాతి ఆదివారం, పూజ కాగానే ఆట. ఊరంతా వచ్చింది. పాదిరిగారు నిష్పక్షపాతిననిపించుకోవడానికి మైదానానికి సరిగ్గా మధ్యలో కుర్చీ వేయించుకుని, గుండు వచ్చి ఎక్కడ తగులుతుందో అని చివరికి తానే పక్కకు జరిగారు. అటు విస్కో బాబాయ్, మీ జట్టు బేపో. ఇటు నేనూ, వింకా పిన్నీ. పిన్ని పెళ్లయిన ఇన్నేళ్లలో గుండు చేతబట్టలేదు, కానీ ఆడేవాళ్లను రోజూ చూసింది. పైగా మొగుడి మీద కసి ఉంది. అది చాలా పనికొచ్చింది.

"గిన్నె తోముతున్నట్టు పట్టుకోకే!" అని బేపో అరిచాడు.

"తోమడం తెలుసా నీకు?" అని పిన్ని విసిరితే గుండు వెళ్లి బులిన్‌ను, అదే అందరూ దగ్గరికి చేరాలని చూసే ఆ చిన్న గుండును, ముద్దు పెట్టుకున్నట్టు ఆనుకుని ఆగింది. ఆడవాళ్లంతా ఒక్కసారి కేకలు పెట్టారు. నాకు నవ్వాగక తర్వాతి విసురు పాడుచేసుకున్నాను.

ఆట పదమూడు పాయింట్లకు. నువ్వైతే నమ్మవు, రెండు జట్లమూ పన్నెండు దగ్గర ఉన్నాం. ఆఖరి చుట్టులో విస్కో బాబాయ్ గుండు బులిన్‌ను తాకి కూర్చుంది. ఇక మా దగ్గర మిగిలింది ఒక్కటే గుండు, నా చేతిలోది. పక్కన పెడితే లాభం లేదు, కొట్టి ఎగరగొట్టాల్సిందే.  బాబాయ్ అప్పుడే జేబులోంచి కత్తి తీసి సోంపు వైపు చూస్తున్నాడు, వేళాకోళానికే అనుకో. పైకి చూశాను. కిటికీలో మీ అమ్మ శాలువా తీసేసి, ముందుకు వంగి కూర్చుంది. చెయ్యెత్తి భుజం మీద తట్టుకుంది, ఒక్కసారి.

మూడు అడుగులు పరుగెత్తాను. మూడో అడుగులో మోకాలు వంచి, చెయ్యి నేలకు దగ్గరగా వెనక్కి తీసుకెళ్లి, భుజంతో విసిరాను. టక్కుమంది. బాబాయ్ గుండు ఎగిరి సోంపు పొదల్లో పడింది. నాది దాని చోట్లోనే నిలబడి, అక్కడే గిర్రున తిరిగి ఆగింది.

 కేకలు మొదలయ్యే ముందే విస్కో బాబాయ్ గొంతు వినిపించింది. "అది యెర్కో విసురు. మాండే, అది యెర్కో విసురే! ఎక్కడిది నీకది?"

"మా అత్తింటి ఆస్తి" అన్నాను.

ఆ సాయంత్రం పొద్దు గూకగానే ప్రోష్పెర్ దీపం ఆపాడు. అప్పటి నుంచి రోజూ ఆపుతున్నాడు, ఒక్క రోజు కూడా మర్చిపోలేదు. మొదటి వారం మగాళ్లు తాళం పోయిన ఇంటిముందు నిలబడ్డట్టు మైదానం చుట్టూ తిరిగారు. తర్వాత మధ్యాహ్నాలు ఆడటం అలవాటు చేసుకున్నారు. కోళ్లు మళ్లీ నిద్రపోతున్నాయి. వింకా పిన్నీ బాబాయ్ సాయంత్రాలు గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని పోట్లాడుకుంటున్నారు. పిన్ని ముఖం కళకళలాడుతోంది. నీకు ఆ కార్డు రాసింది ఓడిన రోజు. ఇప్పుడు రాయమంటే వేరేలా రాస్తాడు.

ఇక పురుగులు. సెప్టెంబరు మొదటి వారంలో అవి బాగా బలిసి, సోంపు దిగి, రాళ్ల సందుల్లోకీ ఎండు కాడల మీదికీ పాకి, నడుం చుట్టూ దారం కట్టుకుని గూళ్లలోకి మారిపోయాయి. అప్పటి నుంచి నాకు కాలు నిలవలేదు. రెండు వారాలు దాటితే పడుకున్నట్టు, దాటకముందే పగిలితే మళ్లీ నవంబరే. రోజూ పొద్దున్నే వెళ్లి చూస్తున్నాను. రెండు వారాలు దాటింది. నిన్న నెదా టీచరుతో కలిసి గోడంతా వెతికాం. ఒక్కటీ పగల్లేదు, యెర్కో. అన్నీ ఎండిన ఆకుల రంగులో, గట్టిగా, నిద్రపోతున్నాయి. వేలితో మెల్లిగా తాకితే ఒకటి నిద్రలో ఒత్తిగిల్లినట్టు కదిలింది. నేను అక్కడే గోడకు ఆనుకుని నవ్వుతూ ఏడ్చాను. టీచరు కూడా ఏడ్చింది, ఆ పిల్లకు ఎప్పుడూ కన్నీళ్లు సిద్ధమే.

ఇప్పుడు అసలు సంగతి. ఇంతసేపూ దాటవేస్తూ వచ్చాను, ఇక చెప్పక తప్పదు.

చలికాలం ఇంటికి వచ్చిన ప్రతిసారీ నువ్వు పెట్టె తీసి, ఉన్ని దుప్పట్ల కింద నుంచి నీ చెక్క గుండ్లు బయటికి తీసి, "చూశావా మాండే, వాడకుండా ఉంచినా ఏటేటా నునుపు తేలుతున్నాయి. మంచి చెక్క అంటే ఇదీ" అని నిమురుతావు చూడు. అది చెక్క మంచితనం కాదు. మన పెళ్లయిన మూడో ఏటి నుంచి, నువ్వు ఓడెక్కిన ప్రతి ఏడూ, కొండ మీద పాత కళ్లంలో నేను వాటితో ఆడుతున్నాను. తెల్లవారుజామున, ఊరు లేవకముందే. నేను గుండు పట్టుకుంటే నువ్వు నా వేళ్లు సరిచేస్తావు కదా, ఆ సమయంలో ఊపిరి బిగపట్టి నవ్వాపుకునేదాన్ని. తెలియనట్టు నటించడం మాత్రం నిజంగా కష్టమైంది.

ఇంకా ఉంది. నేర్పింది మీ అమ్మ. నడవగలిగినన్నాళ్లూ నాతో కొండెక్కి, కళ్లం అంచున రాయి మీద కూర్చుని, "మణికట్టు కాదే, భుజం, భుజం!" అని అరిచేది. ఆదివారం కిటికీలో భుజం తట్టుకుంది అందుకే. పెళ్లికి ముందు అన్నదమ్ములతో ఆడేదట, పెళ్లయ్యాక ఆడవాళ్లకు కూడదన్నారని మానేసిందట. నీ విసురు మీ నాన్న నేర్పిన విసురని నువ్వు ప్రతి రేవులోనూ చెప్పుకుంటావు. మీ నాన్న కూడా ఓడల్లోనే ఉండేవాడు కదా, ఎప్పుడు నేర్పాడు? ఒకసారి బాగా ఆలోచించుకో. పెరట్లో నీ చేతికి మొదటి గుండు ఇచ్చిందెవరో, నీ భుజం పట్టుకుని తిప్పిందెవరో గుర్తు తెచ్చుకో. నీకు అప్పుడు నాలుగేళ్లు. ఆవిడకు అన్నీ గుర్తున్నాయి.

నిన్న విస్కో బాబాయ్ టోపీ చేత్తో పట్టుకుని వచ్చాడు. మార్చి నుంచి వాళ్ల నలుగురి జట్టులో నీ చోటు ఖాళీగా ఉంది కదా, నన్ను రమ్మన్నాడు. సరే అన్నాను. నీకు తిరిగి కావాలంటే వచ్చి, అందరి ముందూ ఆడి, గెలిచి తీసుకో.

అలా వచ్చినప్పుడు ఈసారి మార్చిలో తిరిగి వెళ్లకు. సెలవు ఎలా పొడిగించుకుంటావో నీ ఇష్టం, నడుం పట్టేసిందని చెప్పు, గాడిద కరిచిందని చెప్పు. ఏప్రిల్ దాకా ఉండు. ఎందుకంటే గోడ దిగిన పురుగుల్లో ఒకటి దారి తప్పి మన ఇంటి గోడెక్కి, మీ అమ్మ కిటికీకి బయట ఉండే చెక్క రెక్క లోపలి వైపు గూడు కట్టుకుంది. రెక్క మూస్తే అది నలిగిపోతుంది. మీ అమ్మ మూయనివ్వడం లేదు. బూరా వస్తే చలికి బిగుసుకుపోతావని ఎంత చెప్పినా చెవిన వేసుకోవడం లేదు. చివరికి గాజు వైపు రెండు దుప్పట్లు కట్టాం, రెక్క తెరిచే ఉంది.

"ఈ మోకాలితో ఇంకో చలికాలం ఎందుకులే అనుకున్నానే అమ్మాయ్" అంది పొద్దున ఆ గూడు వైపు చూస్తూ. "ఇప్పుడు కుదరదు. ఏప్రిల్‌లో దీనితో పని ఉంది నాకు."

ఇప్పుడు పొద్దు గూకింది. ప్రోష్పెర్ మైదానంలోకి వస్తున్న అడుగుల చప్పుడు వినిపిస్తోంది. అదిగో, దీపం ఆగింది. ఇక అక్షరాలు కనిపించడం లేదు.

ఇట్లు
నీ ఇల్లాలు, మీ జట్టులో నాలుగో మనిషి,
మాండె

మీ అమ్మ పక్కనుంచి రాయమంటోంది, చీకట్లో వంకరగా వస్తే ఏమనుకోకు: "నాయనా, వచ్చేటప్పుడు ఆ కిటికీ రెక్క మీద చెయ్యి వేయకు. ఏప్రిల్‌లో నువ్వూ నా పక్కన కూర్చుని చూద్దువు గాని. ఆట సంగతంటావా, పందెం మాత్రం కాయకు. నేను నీకు నేర్పింది నాలుగేళ్లప్పుడు, దీనికి నేర్పింది పెద్దయ్యాక."